ప్రాణము నిలుపు సూది: వేయు అధికారము ఎవరిది?

గ్రామ పంచాయతీ సభ్యులు తమ ఊరిలో కరోనా టీకాలు వేసిన దినములను మరచియుండరు. 2021 జనవరి 16వ తేదీన దేశమంతట ఆరంభమైన ఆ కార్యక్రమములో టీకా వేయించుకొన్న ప్రతి మనిషిని అరగంటసేపు అచ్చటనే కూర్చుండబెట్టిరి. సూది వేయుట అయినది గదా, ఇంక ఈ కాపలా యెందుకని విసుగుకొన్నవారు పలువురు. నర్సమ్మ ప్రక్కన బల్లపై ఒక చిన్న పెట్టె ఉండెడిది. దానిని తెరువవలసిన అవసరము చాల ఊళ్లలో కలుగలేదు గనుక అందేమున్నదో చూచినవారు తక్కువ.

ఆ పెట్టెలో ఉన్నది అడ్రినలిన్ అను మందు. చిటికెనవ్రేలంత గాజుబుడ్డి, అందులో ఒక మిల్లీలీటరు ద్రవము. దానితోపాటు సన్నని సిరంజీలు, అంగుళము పొడవుగల సూదులు, ఏ వయసు వారికి ఎంత మందు వేయవలెనో తెలుపు పట్టిక, వైద్యాధికారి ఫోను నంబరు ఉండును. ఈ మందునకే ఎపినెఫ్రిన్ అని మరియొక పేరు కలదు. వెల కొద్ది రూపాయలు మాత్రమే. అయినను, కొన్ని నిమిషములలో పోనున్న ప్రాణమును నిలుపుటలో దీనికి సాటియైన మందు నేటికిని లేదు.

ఈ మందును ఎవరు వేయవచ్చును, ఎవరు వేయరాదు, ఎవరి ఆజ్ఞపై వేయవలెను అను ప్రశ్న వైద్యశాఖవారికి మాత్రమే సంబంధించినదని మేమును చాలకాలము భావించితిమి. నల్లమల అంచున ఉన్న ఒక గ్రామమున జరిగిన సభ తరువాత ఆ అభిప్రాయము మారినది. ఆ సభ ముచ్చట ముందు చెప్పెదము. దానికి పూర్వము జబ్బు సంగతి కొంత తెలిసికొనవలెను.

సూది "వికటించినది" అని మన పల్లెలలో అందురు. మందు పడలేదని కూడ అందురు. ఈ మాటలు వైద్యులు చెప్పు అనాఫిలాక్సిస్ అను స్థితికి చాలవరకు సరిపోవును. శరీరము తనకు సరిపడని పదార్థమును శత్రువుగా ఎంచి, దానిపై అవధిలేని యుద్ధమునకు దిగును. ఆ యుద్ధములో చెడునది తన ఇల్లే. ఒంటినిండ దద్దుర్లు లేచును; పెదవులు, నాలుక వాచును; గొంతు బిగిసి మాట బొంగురుపోవును; రొమ్ములో పిల్లికూతలు వినవచ్చును; కొందరికి వాంతులు, కడుపునొప్పి కలుగును; రక్తపు పోటు పడిపోయి మనిషి తెలివితప్పును. కొందరిలో దద్దుర్లు కనిపింపకనే ఊపిరి ఆడకపోవుట, సొమ్మసిల్లుట జరుగును. ఇది గమనింపదగిన విషయము. దద్దుర్లు లేవు గనుక భయములేదని ఆగినచో కాలము చేయి దాటిపోవును.

ఈ పేరు పెట్టినవారు ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞులు రిషే, పోర్టియే. సముద్రజీవి విషమును కుక్కలకు స్వల్పముగా ఎక్కించి, వాటికి రక్షణశక్తి కలుగునేమో చూడవలెనని వారు ప్రయోగములు చేసిరి. కొన్ని వారముల తరువాత అంతకంటె తక్కువ మోతాదు ఎక్కింపగా ఆ కుక్కలు నిమిషములలో మరణించినవి. రక్షణ కలుగుటకు మారుగా ప్రమాదము పెరిగినదని వారు గ్రహించిరి. 1902లో ఈ సంగతి ప్రకటింపబడినది. 1913లో రిషేకు నోబెలు బహుమానము లభించినది. మొదటిసారి తేనెటీగ కుట్టినపుడు ఏమియు కాని మనిషికి మరియొకసారి కుట్టినపుడు ప్రాణము మీదికి వచ్చుట కూడ ఇట్టిదే. "వానికి ఇదివరకు ఎన్నిమార్లో కుట్టినవి, ఏమియు కాలేదు" అను ధైర్యము పనికిరాదు.

ఇక కాలపు లెక్క. బ్రిటనులో ఇట్టి ప్రకోపమువలన సంభవించిన మరణములను పరిశీలించి 2000 సంవత్సరములో ఒక వైద్యుడు ప్రకటించిన వ్యాసము లోకమంతట ప్రసిద్ధి చెందినది. గుండె ఆగిపోవుటకు పట్టిన కాలము, సగటుమీద, ఆహారము సరిపడనివారిలో 30 నిమిషములు. తేనెటీగలు, కందిరీగలు కుట్టినవారిలో 15 నిమిషములు. వైద్యులు ఇచ్చిన మందు వికటించినవారిలో 5 నిమిషములు. పంచాయతీ సభ్యులు ఈ మూడు అంకెలను తమ ఊరినుండి ఆసుపత్రికి గల దారితో పోల్చి చూచుకొనవలెనని మా మనవి.

మార్కాపురము, గిద్దలూరు, యర్రగొండపాలెము ప్రాంతములు దూరములకు పేరుపడినవి. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడుటకు పూర్వము మార్కాపురము, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో ఉండెడివి. అపుడు కర్నూలు దూరము. పిదప ఒంగోలు దూరము. పెద్దాసుపత్రి అనగా గిద్దలూరువారు ఘాటు దాటి నంద్యాలకో కర్నూలుకో పోవుట, మార్కాపురమువారు ఒంగోలుకో గుంటూరుకో పోవుట నేటికిని వాడుక. పట్టణములలో ఆసుపత్రులున్నను, దోర్నాల, పుల్లలచెరువు, అర్ధవీడు మండలములలోని అంచు గ్రామములనుండి వానిని చేరుటకే చాల సమయము పట్టును. పాలుట్ల వంటి అడవిలోపలి చెంచు గూడెములనుండి బయటి రోడ్డెక్కుటే ఒక ప్రయాణము. పదిహేను నిమిషములలో అట్టి చోటినుండి ఏ ఆసుపత్రియు చేరదు.

ఈ ప్రాంతమున ప్రమాదము ఎచ్చటనుండి వచ్చును? నల్లమల కొండచరియలకు పట్టు పెట్టు పెద్ద తేనెటీగలనుండి. చెంచులు త్రాడు కట్టుకొని దిగి ఆ తేనె తీయుదురు, గిరిజన సహకార సంస్థవారు దానిని కొందురు. చింతచెట్లలో, పాడుబడిన బావులలో, బడి వరండాల చూరులలో గూళ్లు కట్టు కందిరీగలనుండి. చేలలో పాముకాటునకు గురియైనవారికి ఎక్కించు విషవిరుగుడు మందునుండి కూడ. ఈ చివరిదానిని విని కొందరు ఆశ్చర్యపడవచ్చును. పాము విషమునకు విరుగుడు గుఱ్ఱపు రక్తమునుండి తయారగును. అది లేనిదే కాటు తిన్నవాడు బ్రతుకుట కష్టము. కాని కొందరి శరీరమునకు ఆ గుఱ్ఱపు పదార్థము సరిపడదు. కావున విరుగుడు ఎక్కించుటకు ముందే అడ్రినలిన్ ప్రక్కన సిద్ధముగా ఉంచుకొనవలెనని మన దేశపు పాముకాటు చికిత్సా నియమములు చెప్పుచున్నవి. పాముకాటు మరణములను 2030 నాటికి సగమునకు తగ్గింపవలెనని కేంద్ర ప్రభుత్వము 2024లో జాతీయ కార్యాచరణ ప్రణాళికను ప్రకటించినది. విరుగుడు మందు ఊరికి చేరువగు కొలది ఈ చిన్న గాజుబుడ్డి కూడ దానివెంట రావలసియుండును.

ఇపుడు ఆ సభ సంగతి. ఊరి పేరు వ్రాయుట లేదు. ఆ ఊరివారికి తెలియును, తక్కినవారికి అక్కరలేదు. మేము గ్రామారోగ్యమునుగూర్చి ప్రసంగించుటకు వెళ్లితిమి. ప్రసంగము ముగిసిన పిదప ఒక వార్డు సభ్యురాలు లేచి నిలువబడినది. వయసు యాభై దాటియుండును.

"అయ్యా, మీరు చెప్పినవన్నీ బాగున్నాయి. నా మరిది కొడుకును కందిరీగలు కుట్టినాయి. గొంతు పట్టేసింది. నర్సమ్మ ఇంటికాడికి మోసకపోయినాం. ఆమె కాడ పెట్టె ఉంది, పెట్టెలో మందు ఉంది, సూది వేసే చెయ్యి ఉంది. వేయలేదు. ఎందుకు వేయలేదో మీరైనా చెప్పండి."

పిల్లవాడు బ్రతికెను. ఆటోలో ఆసుపత్రికి చేరునప్పటికి వానికి ఇంకను ఊపిరి ఆడుచుండెనట. అచ్చట సూది వేసిరి. ఆమె అడిగినది నిందగా కాదు, తెలిసికొనవలెనని. ఆ నర్సమ్మ సభలోనే ఉన్నది. ఆమె ముఖము చిన్నబోయినది. కొంతసేపటికి మెల్లగా చెప్పినది:

"పెద్దమ్మా, టీకాల దినమున టీకా వికటిస్తే ఒక మోతాదు వేయమని మాకు శిక్షణలో చెప్పినారు. కందిరీగ కుడితే వేయమని ఎవరూ చెప్పలేదు. డాక్టరుగారికి ఫోను చేసినాను, కలవలేదు. వేసి ఏమన్నా అయితే నా గతేంది?"

మేము జవాబు చెప్పలేక తెలిసికొని వచ్చెదమని వాగ్దానము చేసితిమి. ప్రచార విభాగమువారికి ఇట్టి వాగ్దానములు చేయుట తేలిక, నెరవేర్చుట కష్టము. ఈ పాఠమునకు మూలము ఆ వాగ్దానమే.

నర్సమ్మ చెప్పినది అబద్ధము కాదు. సార్వత్రిక టీకా కార్యక్రమమునకై కేంద్ర ఆరోగ్యశాఖవారు ఇచ్చిన మార్గదర్శకములలో, టీకా తరువాత అనాఫిలాక్సిస్ అని అనుమానము కలిగినచో శిక్షణ పొందిన ఏ.ఎన్.ఎం. వయసునకు తగిన ఒక మోతాదు అడ్రినలిన్‌ను కండరములోనికి వేసి, వెంటనే ఆసుపత్రికి పంపవలెనని ఉన్నది. వైద్యుడు వచ్చువరకు ఆగవలసిన పనిలేదు. ఈ అనుమతి ఊరకనే వచ్చినది కాదు. వైద్యుడు ఊరిలో లేనపుడు సూది పట్టుకొన్న చేతిని కట్టివేసినచో ప్రాణము పోవునని గ్రహించి ఇచ్చినది. కాని అది టీకాల కార్యక్రమమునకై వ్రాసినది. కాబట్టి అందులో టీకా మాటయే ఉన్నది. జబ్బు ఒకటే, మందు ఒకటే, వేయు చేయి ఒకటే. కారణము టీకాయైనచో ఆమెకు వ్రాతపూర్వకమైన అండ ఉన్నది, కందిరీగయైనచో తన పై వైద్యాధికారి చెప్పిన మాటయే ఆమెకు అండ. ఆ మాట ముందుగా చెప్పియుండనిచో ఆమె భయపడుట సహజము.

దీనికి మందు ఏమి? వైద్యాధికారి ముందుగానే వ్రాసి, సంతకము చేసి ఇచ్చు ఆజ్ఞ. ఏ లక్షణములు కనిపించినపుడు, ఎవరు, ఎంత మోతాదు, శరీరములో ఎచ్చట, ఎన్నిమార్లు వేయవచ్చునో, ఆ తరువాత ఎవరికి తెలుపవలెనో అందులో ఉండవలెను. పడమటి దేశములలో అత్యవసర వైద్య సిబ్బంది పని చాలవరకు ఇట్టి ముందస్తు ఆజ్ఞలపైననే నడచుచున్నది. వైద్యుడు అచ్చట లేకున్నను అతని చేయి అచ్చట ఉన్నట్లే లెక్క.

108 వాహనముల మాట కూడ చూతము. 2005 ఆగష్టు 15వ తేదీన హైదరాబాదులో ఆరంభమైన ఈ సేవ పిదప అనేక రాష్ట్రములకు వ్యాపించినది. వాహనమును నడుపువానిని పైలట్ అనియు, రోగి ప్రక్కన కూర్చుండు వైద్య సహాయకుని ఈ.ఎం.టి. అనియు పిలుచుట మన పల్లెలలో చిన్నపిల్లలకు కూడ తెలియును. ఈ.ఎం.టి. వైద్యుడు కాడు. ప్రాణాపాయము కలిగినపుడు కేంద్రములోని వైద్యునితో ఫోనులో మాటలాడి, అతని సలహాపై మందులు ఇచ్చుట ఈ సేవలోని పద్ధతి. పద్ధతి మంచిదే. కాని దోర్నాలనుండి శ్రీశైలము పోవు ఘాటులోను, గిద్దలూరునుండి నంద్యాల పోవు అడవిదారిలోను ఫోను పలుకని చోట్లున్నవని ఆ దారిన పోయినవారందరు ఎరుగుదురు. ఫోను పలుకనిచోట ఈ.ఎం.టి.కి కూడ నర్సమ్మకు వచ్చిన చిక్కే వచ్చును. అట్టి చోటులకు ముందస్తు ఆజ్ఞ మరింత అవసరము.

ఈ వృత్తివారికి చట్టములో చాలకాలము స్పష్టమైన స్థానము లేకుండెను. 2021లో పార్లమెంటు ఆమోదించిన జాతీయ అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషను చట్టము ఆ లోపమును తీర్చుటకు ఉద్దేశింపబడినది. అత్యవసర వైద్య నిపుణులు ఆ చట్టపు పట్టికలో చేరిరి. చదువు, నమోదు, పని హద్దులు ఏర్పరచుట ఆ చట్టము ఆశయము. ఇది సరియైన దారియని మా అభిప్రాయము. పేరు నమోదైనవానికే అధికారము ఇయ్యవచ్చును. తప్పు చేసినచో వానినే అడుగవచ్చును.

ఇతర దేశములలో ఈ మందును ఆటో ఇంజెక్టరు అను పరికరములో నింపి అమ్ముదురు. చూచుటకు లావుపాటి పెన్నువలె ఉండును. మూత తీసి తొడకు గట్టిగా నొక్కినచో సూది తనంత తాను దిగి, కొలిచిన మోతాదు లోపలికి పోవును. పెద్దవారికి 0.3 మిల్లీగ్రాములు, చిన్నపిల్లలకు 0.15 మిల్లీగ్రాములు ఉండునట్టివి వాడుకలో ఉన్నవి. రణరంగమున విషవాయువు తగిలిన సైనికుడు తనకు తానే సూది పొడుచుకొనుటకై చేసిన పరికరమునుండి ఇది పుట్టినది. అమెరికాలో ఎపిపెన్ అను పేర 1987లో దీనికి అనుమతి లభించినది. బడిపిల్లల సంచులలో, ఉపాధ్యాయుల బల్ల సొరుగులలో దీనిని ఉంచుదురు. 2024లో ముక్కులో కొట్టు మందుగా కూడ ఎపినెఫ్రిన్‌కు ఆ దేశమున అనుమతి వచ్చినది.

మన సభ్యులు వెంటనే అడుగు ప్రశ్న తెలియును: ఆ పెన్నులు మనకెందుకు తెప్పింపరాదు? అవి మన మందుల షాపులలో సులభముగా దొరకవు, వెల ఎక్కువ. అమెరికాలోనే 2007లో రెండు పెన్నుల జతకు సుమారు 100 డాలర్లు ఉండగా 2016 నాటికి 600 డాలర్లకు చేరినది. మందు మాత్రము మనవద్ద కొద్ది రూపాయలకు దొరకు అదే మందు. ఆ ధర భరింపలేక అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రమున కింగ్ కౌంటీ అను జిల్లావారు ఒక ఉపాయము చేసిరి. అచ్చటి ప్రాథమిక అత్యవసర సిబ్బందికి పెన్నులు మాన్పించి, మందు సీసా, సిరంజి, సరిచూచుకొను పట్టిక ఉన్న పెట్టె ఇచ్చిరి. మందును కొలిచి తీయుటలో శిక్షణ నిచ్చిరి. "సరిచూడు, సూది వేయుము" అను అర్థముగల పేరు ఆ పథకమునకు పెట్టిరి. పరికరముయొక్క తెలివిని మనిషి శిక్షణలోనికి మార్చిరన్నమాట. మన ఏ.ఎన్.ఎం. చేతిలోని పెట్టెకు ఈ పెట్టె అన్న వరుస అగును. సంపన్న దేశమువారు వెదకి వెదకి చేరిన చోట మనము పేదరికమువలన ముందే ఉన్నాము. కాని పెట్టె ఒకటే సరిపోదు. వారు ఆ పెట్టెతోపాటు అనుమతిని, శిక్షణను, లెక్కను కూడ ఇచ్చిరి.

బ్రిటనులో ఇంకను ముందుకు పోయిరి. 2012 నాటి మందుల నిబంధనలలో, ప్రాణము కాపాడుటకై ఎవరైనను వేయదగిన సూదిమందుల పట్టిక ఒకటి ఉన్నది. అనాఫిలాక్సిస్‌కు కండరములోనికి వేయు అడ్రినలిన్ ఆ పట్టికలో చేరినది. అనగా దారిన పోవు మనిషి వేసినను నేరము కాదు.

మన ఊళ్లలో అంత స్వేచ్ఛ ఇయ్యవచ్చునా? ఇయ్యరాదని మా నిశ్చితాభిప్రాయము. కారణము చెప్పెదము. పెన్నులోని మోతాదు ముందే కొలిచియుండును. తొడలోనికి తప్ప మరియొకచోటికి పోవుట అరుదు. గాజుబుడ్డి అట్లు కాదు. ఒక మిల్లీలీటరు బుడ్డిలో ఒక మిల్లీగ్రాము మందుండును. పెద్దవానికి అందులో సగమే, 0.5 మిల్లీలీటరు, తొడ వెలుపలి ప్రక్క నడిమిభాగమున కండరములోనికి వేయవలెను. పిల్లలకు ఇంకను తక్కువ. అదే బుడ్డిని పూర్తిగా నరములోనికి ఎక్కించినచో గుండె గతి తప్పి ప్రాణము పోవచ్చును. నరమునకు సూది వేయుటయే గొప్ప వైద్యమని నమ్మించు ఆర్.ఎం.పి. డాక్టర్లు ప్రతి ఊరిలోను ఉన్నారు. నరమునకు వేయనిదే సంతృప్తి చెందని రోగులును ఉన్నారు. అట్టివారి చేతికి ఈ బుడ్డి పోరాదు. వారిలో మంచివారు లేరని మేమనము. అర్ధరాత్రి పిలిచినచో లేచి వచ్చువారు వారే. వారు చేయదగిన మేలు ఒకటి కలదు: లక్షణములు గుర్తించి, అవిల్ సూదో మరియొకటో వేసి "తగ్గును, పండుకొనుము" అని చెప్పక, వెంటనే 108నకు, నర్సమ్మకు కబురు చేయుట. అవిల్ వంటి మందులు దురదను, దద్దుర్లను తగ్గించునే గాని బిగిసిన గొంతును, పడిపోయిన రక్తపు పోటును నిలుపజాలవు.

చట్టము మాట కూడ కొంత తెలిసికొనవలెను. ప్రమాదములో ఉన్నవానికి మేలు చేయవలెనని, వాని సమ్మతి పొందుటకు వీలులేని స్థితిలో, సద్భావముతో చేసిన పనివలన హాని కలిగినను అది నేరము కాదని భారతీయ న్యాయ సంహిత 30వ విభాగము చెప్పుచున్నది. పాత శిక్షాస్మృతిలో ఇది 92వ విభాగముగా ఉండెడిది. కాని సద్భావము అనగా మంచి మనసు మాత్రమే కాదు. తగిన జాగ్రత్త, శ్రద్ధ కూడ ఉండవలెనని చట్టమే వివరించినది. శిక్షణ పొంది, పట్టిక చూచి, మోతాదు కొలిచి, తొడకు వేసి, వేళ వ్రాసి పెట్టిన నర్సమ్మకు ఈ జాగ్రత్త ఉన్నదని చూపుట తేలిక. ఏ శిక్షణయు లేక నరమునకు ఎక్కించినవానికి అది కష్టము. కావున నియమములు సిబ్బంది చేతులు కట్టుటకే అనుకొనరాదు. ధైర్యముగా సూది వేయుటకు అవే వారికి అండ.

మందును భద్రపరచుట మరియొక సంగతి. అడ్రినలిన్‌కు వెలుతురు, వేడి పడవు. సాధారణముగా 25 లేక 30 డిగ్రీలకు మించని చోట, చీకటిలో ఉంచవలెనని లేబులుపై వ్రాసియుండును. మార్కాపురపు వైశాఖ మాసమును ఎరిగినవారికి ఈ మాట వినగనే నవ్వు వచ్చును. రేకుల కప్పు క్రింద బీరువాలో, ఎండలో నిలిపిన వాహనములో మందు పెట్టెకు ఎంత వేడి తగులునో చెప్పనక్కరలేదు. అట్లని మంచుగడ్డ కట్టు చోట పెట్టుటయు తప్పే. ద్రవము నీటివలె తేటగా ఉండవలెను. గులాబిరంగో గోధుమరంగో తిరిగినచో, తేది దాటకపోయినను అది పనికిరాదు. పెట్టె మూతపై మందు గడువు తేది అందరికి కనుపించునట్లు వ్రాయవలెను.

ఇందులో పంచాయతీ చేయదగినది చాల ఉన్నది. 1993లో అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పదునొకండవ షెడ్యూలును చేర్చినది. అందు 23వ అంశము ఆరోగ్యము, పారిశుద్ధ్యము, ఆసుపత్రులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు. ప్రతి గ్రామమునకు గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార సంఘము ఉండవలెను. ఆ సంఘమునకు వచ్చు స్వల్ప నిధితో ఈ మందును బజారున కొనవలెనను తలంపు మాత్రము వలదు. మందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునుండి, దాని లెక్కలో చేరి, రావలెను. సంఘము చేయవలసినది అడుగుట, చూచుట, వ్రాయుట. ఉపకేంద్రములో పెట్టె ఉన్నదా, గడువు తేది ఎప్పుడు, నర్సమ్మకును, మధ్యస్థాయి ఆరోగ్య కార్యకర్తకును చివరిసారి శిక్షణ ఎప్పుడు జరిగినది, టీకా కాక మరియొక కారణముచే అనాఫిలాక్సిస్ కలిగినచో ఏమి చేయవలెనో వైద్యాధికారి వ్రాసి ఇచ్చెనా అని అడుగవచ్చును. లేనిచో సంఘ తీర్మానముగా వ్రాసి, వైద్యాధికారికి ఒక ప్రతి, జిల్లా వైద్య ఆరోగ్యాధికారికి ఒక ప్రతి పంపవచ్చును. నోటితో అడిగినదానికి నోటితోనే జవాబు వచ్చును. కాగితముపై అడిగినచో కాగితముపై వచ్చును. మోతాదు ఎంత ఉండవలెనని పంచాయతీ నిర్ణయింపరాదు. అది వైద్యుని పని.

ఊరివారికి తెలియవలసినది కొద్దిగా ఉన్నది. కుట్టించుకొన్న మనిషిని నడిపింపరాదు, నిలువబెట్టరాదు. వెల్లకిల పండబెట్టి కాళ్లు కొంచెము ఎత్తుగా ఉంచవలెను. ఊపిరి ఆడనిచో కూర్చుండబెట్టవలెను. నోటిలో నీళ్లు, పసరు పోయరాదు. ఒకరు 108నకు ఫోను చేయుచుండగా మరియొకరు నర్సమ్మ ఇంటికి పరుగెత్తవలెను. సూది వేసిన పిదప తేరుకొన్నను ఆసుపత్రికి పోయి తీరవలెను. కొందరిలో కొన్ని గంటల తరువాత ప్రకోపము తిరిగి వచ్చును. అయిదు నిమిషములలో గుణము కనిపింపనిచో రెండవ మోతాదు అవసరము కావచ్చును. దానిని గూర్చి కూడ ముందస్తు ఆజ్ఞలో వ్రాసి ఉండుట మంచిది. ఒకసారి ఇట్లు జరిగినవాని పేరు, సరిపడని వస్తువు పేరు ఇంటివారు కాగితముపై వ్రాసి ఉంచుకొని, ఏ వైద్యునికడకు పోయినను ముందు ఆ కాగితము చూపవలెను.

తేనెకు పోవు చెంచులకు ఈ మాటలు చేరవేయుట వేరొక విధముగా జరుగవలెను. వారు కాగితము చదువుకొని కొండ దిగరు. గూడెములోని ఆశా కార్యకర్త నోటిమాటయే వారికి పాఠము. తేనెపట్టు తీయు కాలమునకు ముందు ఆమెకు ఒక దినము శిక్షణ ఇయ్యవలెనని తీర్మానములో చేర్చుట మంచిదని మా సలహా. సూది ఆమె వేయదు. కాని ఎవరిని, ఎంత త్వరగా, ఎచ్చటికి మోసికొని పోవలెనో ఆమెకు తెలిసియుండవలెను.

కొన్ని నెలల తరువాత మేము ఆ గ్రామమునకు తిరిగి వెళ్లితిమి. ఉపకేంద్రములో పెట్టె ఉన్నది. మూత లోపలి ప్రక్కన వైద్యాధికారి సంతకముతో ఒక కాగితము అంటించియున్నది. టీకా, కందిరీగ, తేనెటీగ, మందు అను నాలుగు కారణములు అందు వరుసగా వ్రాసియున్నవి. నర్సమ్మ మాకు ఒక గాజుబుడ్డిని వెలుతురునకు ఎత్తి చూపినది, తేటగానే ఉన్నది. తోడుగా వచ్చిన ఆ వార్డు సభ్యురాలు పెట్టెను, కాగితమును, బీరువాను చాలసేపు చూచి, "అమ్మా, ఆదివారము నీవు మీ ఊరికి పోతావు గదా, బీరువా తాళం చెవి ఎవరికాడ ఉంటుంది?" అని అడిగినది. నర్సమ్మ మావైపు చూచినది. మేము ఆ ప్రశ్నను కూడ పుస్తకములో వ్రాసికొంటిమి.